యాక్సెసిబిలిటీ ఆడిట్ ఎవరితో చేయించాలి?

ప్రశ్న (హెచ్‌ఆర్, హనుమకొండ):
నమస్తే అండీ. మాది డెబ్బై మంది పనిచేసే ఆఫీసు. వచ్చే నెల అకౌంట్స్‌లో ఒకమ్మాయి చేరుతోంది, ఆమెకు చూపు లేదు. ఆఫీసు వికలాంగులకు అనువుగా ఉందో లేదో పరిశీలించి (అదే యాక్సెసిబిలిటీ ఆడిట్) మార్పించడానికి కన్సల్టెంట్‌ను చూడమన్నారు మా ఎండీ. ఒకాయన వెబ్‌సైట్‌లో ఒక విడ్జెట్ పెట్టి, ర్యాంప్ కట్టించి సర్టిఫికెట్ ఇస్తానంటున్నాడు. సరిపోతుందా? ఒకటే టెన్షన్.

జవాబు 1:
నేను చేసేది ఈ ఆడిట్ల పనే. నాకూ చూపు లేదు, తెర మీద ఉన్నది చదివి వినిపించే ఎన్‌వీడీఏ అనే ఉచిత స్క్రీన్ రీడర్‌తో పనిచేస్తాను.

ఆ విడ్జెట్‌కు డబ్బు తగలేయకండి. అక్షరాలు పెద్దవి చేసి రంగులు మారిస్తే నాకేం ఒరుగుతుంది? సైట్ కోడ్‌లో బటన్లకు పేర్లు లేకపోతే ఎన్‌వీడీఏ “బటన్, బటన్, బటన్” అంటూ పోతుంది, ఏది నొక్కాలో ఎవరికి తెలుసు!

బయటి ఆడిటర్లు పట్టుకోలేని మన తెలుగు రోగం ఇంకొకటుంది: అనూ ఫాంట్లు. సర్క్యులర్లు, సెలవు ఫారాలు డీటీపీ షాపులో కొట్టించారా? కంటికి అది తెలుగే, లోపలున్నవి మాత్రం వేరే అక్షరాలు, గుర్తులు. స్క్రీన్ రీడర్ వాటినే చదువుతుంది, ఒక్క ముక్క అర్థం కాదు. కంప్యూటర్ తెలుగును తెలుగుగానే గుర్తించే యూనికోడ్‌లోకి మార్పించండి. స్కాన్ చేసిన పీడీఎఫ్ అయితే లోపల అసలు అక్షరాలే ఉండవు, అది బొమ్మే కదా.

అకౌంట్స్ సాఫ్ట్‌వేర్లన్నీ స్క్రీన్ రీడర్‌తో సరిగ్గా పలకవు. ఆవిడను ముందే ఒకరోజు పిలిచి మీ సాఫ్ట్‌వేర్ మీద కూర్చోబెట్టండి, ఆ రోజు జీతం ఇచ్చే. హాజరు మెషిన్ టచ్‌స్క్రీన్‌దైతే అదీ చూపించండి. కన్సల్టెంట్‌ను మాత్రం ఇది అడగండి: టెస్టింగ్ చేసేవాళ్లలో వికలాంగులు ఎవరు, వాళ్లకు ఎంతిస్తారు? నీళ్లు నమిలితే వదిలేయండి.

జవాబు 2:
నేను వీల్‌చైర్ వాడతాను. ర్యాంప్ వాలు 1:12 ఉండాలి. అంటే మెట్ల ఎత్తు అడుగున్నర అయితే ర్యాంప్ 18 అడుగులు. మేస్త్రీ “జాగా లేద్సార్” అని ఆరడుగుల్లో ముగిస్తాడు. దాని మీద మీ బైకులెక్కుతాయి, నేను ఎక్కలేను. తలుపుకు 900 మిల్లీమీటర్ల దారి ఉందా? బాత్రూం తలుపూ కొలవండి, అందరూ దాన్నే మర్చిపోతారు.

జవాబు 3 (లాయరు):
2016 వికలాంగుల హక్కుల చట్టం, సెక్షన్ 21 ప్రకారం ప్రైవేటు సంస్థలకు కూడా సమాన అవకాశాల విధానం రాతపూర్వకంగా ఉండాలి. 20 మంది, అంతకు మించి ఉన్నచోట వివరంగా రాయాలి, వికలాంగుల నియామకం, సదుపాయాలు చూసుకునే లైజన్ ఆఫీసర్‌నూ పెట్టాలి. ప్రైవేటు సర్టిఫికెట్ గోడకు తగిలించినంత మాత్రాన ఈ బాధ్యత తీరదు. 2024 నవంబరు 8న రాజీవ్ రటూరి కేసులో సుప్రీంకోర్టు యాక్సెసిబిలిటీకి తప్పనిసరి ప్రమాణాలు తేవాలని కేంద్రాన్ని ఆదేశించింది. ఆ కేసులో నివేదిక ఇచ్చింది మన హైదరాబాద్ నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయంలోని వికలాంగుల అధ్యయన కేంద్రమే. ఎండీగారికి చూపించండి.

ప్రశ్న వేసినవారు:
మా సెలవు ఫారాలన్నీ అనూలోనే ఉన్నాయండీ! మార్చడానికి ఎంతవుతుంది?

జవాబు 1:
కన్వర్టర్లు ఉచితంగానే దొరుకుతాయి. కాకపోతే ఒత్తులు అక్కడక్కడ చెడతాయి, ఎవరైనా కూర్చుని చదివి దిద్దాలి. ముందు జీతం స్లిప్పుతో మొదలుపెట్టండి.