వాలొరాంట్ గేమ్‌లో ఉన్న గన్స్‌కి అసలు తుపాకులు ఏవి? వాండల్ అంటే నిజంగా ఏకే 47 యేనా?

డీఫాల్ట్_స్కిన్:
మా గ్యాంగ్‌లో ఇదే పంచాయతీ బ్రో, మ్యాచ్ కంటే దీని మీదే ఎక్కువ అరుచుకుంటున్నాం. ఒకడేమో ఆటలోని వాండల్ రైఫిల్ అంటే ఏకే, ఫాంటమ్ రైఫిల్ అంటే ఎమ్4, ఆపరేటర్ స్నైపర్ అంటే ఏడబ్ల్యూపీ, పేర్లు మార్చారంతే అంటాడు. ఇంకోడు కాదు ఫాంటమ్ అంటే హనీ బ్యాడ్జర్ అని ఫోటోల మీద ఫోటోలు పంపిస్తాడు. నేను పక్కపక్కన పెట్టి చూస్తే సగం కలుస్తోంది సగం కలవట్లేదు. కౌంటర్ స్ట్రైక్ గేమ్‌లో అసలు పేరే రాసుంటుంది కాబట్టి గోలే లేదు. ఇందులో ఏది దేన్ని చూసి చేశారో ఎలా కనిపెట్టాలి? అసలు పేర్లు పెట్టకపోవడానికి కారణం ఏంటి, గన్ కంపెనీలకి డబ్బులు కట్టాలనా?

పాత_మ్యాగజైన్:
ఫోటోలు పక్కన పెట్టి చూస్తే ఎప్పటికీ తేలదు. ఒక గన్‌కి ఒక గన్ అన్నట్టు చేయలేదు వీళ్ళు. బాడీ ఒకదాన్ని గుర్తు చేస్తుంది, పేలే తీరు ఇంకోదానిది, ఆటలో చేసే పని మూడోదానిది. అందుకే మీ ఇద్దరూ కొట్టుకుంటున్నారు, ఇద్దరి దగ్గరా సగం సగం నిజం ఉంది.

వాండల్‌నే తీసుకో. హెడ్‌షాట్ డ్యామేజ్ ఎంత దూరం నుంచైనా 160, ఫుల్ ఆర్మర్‌తో కలిపి అవతలోడి హెల్త్ 150, కాబట్టి ఒక్క ట్యాప్‌కి పోతాడు. కౌంటర్ స్ట్రైక్‌లో హెల్మెట్ ఉన్నా ఒక్క బుల్లెట్‌తో పడుకోబెట్టే ఏకే చేసే పని ఇదే. ఫాంటమ్ అయితే దగ్గర్లో 156, దూరం పెరిగితే తగ్గుతుంది, అదీ తేడా. ఇప్పుడు పేలే స్పీడ్ చూడు. వాండల్ సెకనుకి 9.75 బుల్లెట్లు, 60తో గుణిస్తే నిమిషానికి 585. అసలు ఏకే 47 నిమిషానికి 600 చుట్టూ. ఇంత దగ్గరగా వచ్చిందంటే ఊరికే పెట్టిన నంబర్ కాదనే నా నమ్మకం. ఫాంటమ్ సెకనుకి 11, అంటే 660. నిజం ఎమ్4 అయితే 700 నుంచి 950 దాకా పోతుంది, కాబట్టి అక్కడ కలవదు, కానీ కౌంటర్ స్ట్రైక్ ఎమ్4ఏ4 స్పీడ్ 666. అర్థమైంది కదా, ఫాంటమ్‌కి తాత తుపాకీ కాదు, ఇంకో గేమ్.

నాకు అన్నిటికంటే నచ్చేది స్పెక్టర్ అనే చిన్న మెషిన్ గన్. సెకనుకి 13.33 అంటే నిమిషానికి 800, మ్యాగ్‌లో (మ్యాగజైన్‌లో) 30 బుల్లెట్లు, ముందు సైలెన్సర్. అసలు ఎమ్‌పీ5 స్పీడ్ కూడా 800 యే, దానికి ఎస్‌డీ అని సైలెన్సర్ బిల్ట్ ఇన్‌గా ఉన్న మోడల్ ఉంది. దాని బ్యారెల్‌కి 30 చిన్న బెజ్జాలుంటాయి, వాటిలోంచి గ్యాస్ ముందే తప్పుకుని మామూలు 9ఎంఎం బుల్లెట్ కూడా సౌండ్ స్పీడ్ కంటే కిందకి పడిపోతుంది. స్పెక్టర్ చూడ్డానికి ఎమ్‌పీ5లా ఉండదు, నంబర్లు మాత్రం దాని దగ్గరే ఉన్నాయి.

సబ్‌సోనిక్:
ఫాంటమ్‌కి హనీ బ్యాడ్జర్ అనేవాడిని పూర్తిగా తీసిపారేయకండి. పొట్టి ఏఆర్ (ఎమ్4 టైపు రైఫిల్) బాడీ, ముందు లావుపాటి సైలెన్సర్, ఆ ఆకారం చూస్తే ఎవరికైనా అదే గుర్తొస్తుంది. అసలు హనీ బ్యాడ్జర్ ఏఏసీ అనే కంపెనీ చేసింది, .300 బ్లాక్‌అవుట్ బుల్లెట్ వాడుతుంది, ఆ బుల్లెట్‌లో బరువైన రకం వేస్తే సౌండ్ స్పీడ్ దాటదు కాబట్టి సైలెన్సర్‌తో బాగా కుదురుతుంది.

ఇక్కడొక మాట, గేమ్స్ ఆడి ఆడి అందరికీ సైలెన్సర్ అంటే "తుస్" మని పోతుంది అనే భ్రమ. అసలు రైఫిల్‌కి సైలెన్సర్ పెట్టినా చప్పుడు సుమారు 20 నుంచి 35 డెసిబెల్స్ తగ్గుతుంది, ఇంకా చెవులు గింగురుమనేంత మిగులుతుంది. పైగా మామూలు రైఫిల్ బుల్లెట్ సౌండ్ స్పీడ్‌ని దాటి పోతుంది కాబట్టి గాల్లో ఆ ఫట్ మనే మోత వేరే వస్తుంది, దాన్ని ఏ సైలెన్సరూ ఆపలేదు. ఆటలో ఫాంటమ్‌కి అవతలోడికి ట్రేసర్ (బుల్లెట్ వెళ్ళిన గీత) కనబడకుండా చేశారు చూడు, స్మోక్‌లోంచి స్ప్రే చేస్తే ఎక్కడ నుంచి వస్తున్నాయో తెలీదు. నిజంలో సైలెన్సర్ వల్ల వచ్చే అసలు లాభానికి ఇది బాగా దగ్గర, మంట తక్కువ కనిపిస్తుంది, ఎటు నుంచి కొట్టారో కనిపెట్టడం కష్టమవుతుంది. డిజైనర్ ఎవరో గానీ తెలివైనోడు.

ఇంకొకటి, ఆటలో బుల్లెట్ డ్రాప్ (దూరం పోయేకొద్దీ బుల్లెట్ కిందికి వాలడం) లేదని తిట్టేవాళ్ళు ఉంటారు. ఏకే బుల్లెట్ బయటికొచ్చేటప్పుడు సెకనుకి 715 మీటర్ల స్పీడ్. 30 మీటర్ల ఫైట్‌లో చేరడానికి 0.04 సెకను చాలు. మీ పింగే (నెట్‌లో వచ్చే ఆలస్యం) అంతకంటే ఎక్కువుంటుంది, ఇక డ్రాప్ గురించి ఏం గోల.

ఏడబ్ల్యూ_ఫ్యాన్:
పేర్ల సంగతి నేను చెప్తా. కౌంటర్ స్ట్రైక్‌లో గొడవ లేదన్నావు కదా, దాని పాత వెర్షన్ 1.6 ఆడినవాళ్ళని అడుగు. అందులో బై మెనూలో ఏకేని సీవీ-47 అని, డెసర్ట్ ఈగిల్‌ని నైట్ హాక్ అని, ఏడబ్ల్యూపీని మ్యాగ్నమ్ స్నైపర్ రైఫిల్ అని రాశారు. బొమ్మ అదే, పేరు వేరు, ట్రేడ్‌మార్క్ తలనొప్పి ఎందుకని. తర్వాత్తర్వాత అందరూ ధైర్యం చేశారు. 2013లో ఈఏ అనే గేమ్ కంపెనీ అయితే గన్ కంపెనీలకి లైసెన్స్ డబ్బులు కట్టం, అయినా గన్స్ పెడతాం అని బాహాటంగా చెప్పింది. 2020లో హమ్‌వీ బండి చేసే ఏఎమ్ జనరల్ కాల్ ఆఫ్ డ్యూటీ గేమ్ మీద వేసిన కేసులో కూడా అమెరికా కోర్టు ఆ గేమ్ కంపెనీ యాక్టివిజన్ వైపే తీర్పిచ్చింది. ఆ తీర్పు వచ్చిన ఏడాదే వాలొరాంట్ రిలీజైంది. కాబట్టి డబ్బులే కారణం అంటే నేను నమ్మను. సొంత పేర్లు ఉంటే డ్యామేజ్, మ్యాగ్, స్కిన్ (గన్ మీద వేసే డిజైన్) ఏదైనా ఇష్టమొచ్చినట్టు మార్చుకోవచ్చు. వాండల్‌కి 25 బుల్లెట్లే ఇచ్చారు, దాన్ని ఏకే అని పిలిస్తే "30 ఉండాలి కదరా" అని జనం ఎక్కేసేవాళ్ళు, డ్రాగన్ స్కిన్ వేస్తే ఇంకా ఎక్కేసేవాళ్ళు.

అసలు పేరు పెట్టినా నిజం ఉంటుందని గ్యారంటీ లేదు. ఏడబ్ల్యూపీ అంటే ఆర్కిటిక్ వార్‌ఫేర్ పోలీస్, అది 7.62 నేటో బుల్లెట్ వాడే పోలీసు రైఫిల్. కౌంటర్ స్ట్రైక్‌లో దానికి ఇచ్చింది .338 లాపువా, అది ఏడబ్ల్యూఎమ్ అనే పెద్దన్న బుల్లెట్. పేరు తమ్ముడిది, తూటా అన్నయ్యది. ఆపరేటర్ వచ్చింది ఈ వంశం నుంచే, 5 బుల్లెట్లు, ఒక్కోటి పేల్చాక బోల్ట్ లాగాలి, బాడీలో తగిలితే చాలు అవతలోడు అవుట్.

డీఫాల్ట్_స్కిన్:
సూపర్ అన్నా, వాళ్ళకి ఇది ఫార్వర్డ్ చేస్తా. మరి మార్షల్, ఓడిన్, జడ్జ్?

పాత_మ్యాగజైన్:
మార్షల్ లివర్ యాక్షన్, పాత కౌబాయ్ రైఫిల్స్ టైపు. ట్రిగ్గర్ కింద ఉన్న కడ్డీని కిందికి తోసి పైకి లాగితే ఖాళీ తొడుగు పడిపోయి కొత్తది లోపలికి వస్తుంది. నిజం లివర్ రైఫిల్స్‌లో ఎక్కువ వాటికి బుల్లెట్లు బ్యారెల్ కింద గొట్టంలో ఒకదాని వెనక ఒకటి ఉంటాయి, మొన ఉన్న బుల్లెట్ పెడితే అది ముందున్న దాని ప్రైమర్‌ని (వెనక ఉండే, తగిలితే అంటుకునే మందు) పొడిచి లోపలే పేలొచ్చు, అందుకే మొండి మొనవి వాడేవాళ్ళు. స్నైపర్‌కి మొన బుల్లెట్ కావాలి కదా. వించెస్టర్ 1895 మోడల్‌కి గొట్టం తీసేసి పెట్టె మ్యాగజైన్ పెట్టారు, మొదటి ప్రపంచ యుద్ధంలో రష్యా సైన్యం దాదాపు 3 లక్షలు కొనుక్కుంది. కాబట్టి లివర్ స్నైపర్ అంటే నవ్వకండి.

ఓడిన్ మాత్రం పక్కా కిచిడీ. చూడ్డానికి మెషిన్ గన్, 100 బుల్లెట్లు, కానీ ట్రిగ్గర్ పట్టుకుంటే సెకనుకి 12తో మొదలై 15.6కి ఎక్కుతుంది. ఏ మామూలు మెషిన్ గన్నూ అలా స్పీడ్ పెంచదు. మోటార్‌తో తిరిగే మినీగన్ మాత్రమే అలా చేస్తుంది. పైగా నిజంలో అలా గోడలకి ఆపకుండా స్ప్రే చేస్తే బ్యారెల్ కాలిపోతుంది, నిమిషానికి 1200 పేల్చే జర్మనీ ఎమ్‌జీ42కి అందుకే కొన్ని సెకన్లలో బ్యారెల్ మార్చేలా చేశారు, గన్నర్ పక్కన స్పేర్ బ్యారెల్ మోసేవాడు ఉండేవాడు.

సబ్‌సోనిక్:
జడ్జ్ దగ్గర పేరు చూసి మోసపోవద్దు. టారస్ జడ్జ్ అని నిజంగానే ఒకటుంది, కానీ అది .410 షాట్‌గన్ షెల్స్ కూడా పేల్చే రివాల్వర్. ఆటలోది ఆటోమేటిక్ షాట్‌గన్, నిమిషానికి 210. ఆ పని చేసే అసలుది ఏఏ-12, దానికి 300 దాకా స్పీడ్, 20 షెల్స్ పట్టే డ్రమ్ కూడా వస్తుంది. మనోళ్ళు 5 ఇచ్చి ఊరుకున్నారు.

డీఫాల్ట్_స్కిన్:
5 ఉంటేనే మా వాడు మూలన కూర్చుని టీమ్ మొత్తాన్ని లేపేస్తున్నాడు, 20 ఇస్తే గేమ్ అన్‌ఇన్‌స్టాల్ చేసేస్తా.