ఆన్‌లైన్ గిటార్ పాఠాలతో నిజంగా చేయి మారుతుందా? మీకు కలిసొచ్చినవి చెప్పండి

కొత్తతీగ
గిటార్ పట్టి ఎనిమిది నెలలైంది. నేర్చుకున్నదంతా వీడియోలు చూసే. కొన్ని తీగలు నొక్కకుండానే మోగే ఓపెన్ కార్డ్‌లు (కలిపి మోగే స్వరాల గుంపులు) వచ్చాయి, పాటలు ఓ మోస్తరుగా నడుస్తున్నాయి. చూపుడువేలిని తీగలకు అడ్డంగా పరిచి పట్టే ఎఫ్ కార్డ్ దగ్గర మాత్రం బండి ఆగిపోయింది. రెండు తీగలు అసలు మోగవు, ఒకటి బర్రుమంటుంది, పది నిమిషాలకే బొటనవేలి మొదట్లో నొప్పి. పాటలు నేర్పే పాఠాలు నాకు వద్దు, అవి బోలెడు ఉన్నాయి. మీ చేతిని మార్చిన పాఠాలు ఏవి? వాటితో ఏం మారింది?

మెట్రోనోమ్60
నా ఓటు జస్టిన్ శాండర్‌కోకే. ఆయన గిటార్ పాఠాల సైట్ 2003లో మొదలైంది, బిగినర్ కోర్సు ఉచితం. అందులో నన్ను మార్చింది ఒక చిన్న అభ్యాసం. రెండు కార్డ్‌లు తీసుకుంటాం, నిమిషానికి టైమర్ పెడతాం, ఎన్నిసార్లు మార్చగలిగామో లెక్కపెట్టి రాసుకుంటాం. అంతే. 60 దాకా వస్తే పాటలో ఆ మార్పు దగ్గర ఇక తడబడరు. మొదటి రోజు నాకు వచ్చింది 17. ఆ నోట్‌బుక్ ఇంకా దాచుకున్నాను.

లెక్క పెట్టడం మొదలుపెట్టాకే తెలిసింది, కార్డ్ మార్చేటప్పుడు నా వేళ్లు తీగల మీద నుంచి అంగుళం పైకి లేచి, గాల్లో తిరిగి, మళ్లీ దిగుతున్నాయని. ఆ ఎత్తు తగ్గించడానికి నెలన్నర పట్టింది. ఎవరూ చెప్పలేదు, అంకె చెప్పింది.

కుడి చేతికైతే ట్రాయ్ గ్రేడీ వీడియో పాఠాలు. పిక్ (తీగలు మీటే చిన్న పలక) పట్టిన చేతిని కెమెరా దగ్గరగా పెట్టి, నెమ్మదిగా చూపిస్తాడు. పిక్‌ను కాస్త వంచి పట్టుకుంటే పైకి కొట్టినప్పుడు అది తీగల మధ్య ఇరుక్కోకుండా బయటికి వచ్చేస్తుంది. అప్పుడు తీగకు రెండో నాలుగో స్వరాలు వాయించి, పై దెబ్బతో ముగించి, పక్క తీగకు వెళ్లిపోవచ్చు. తీగకు మూడు స్వరాలు వచ్చినచోట నేనెందుకు తన్నుకుంటున్నానో నాలుగేళ్ల తర్వాత అర్థమైంది.

కాపో
స్పీడ్ 0.5 పెట్టుకోవడమే నా గురువు.

నైలాన్‌వేళ్లు
కొత్తతీగ గారూ, పై సమాధానంలో మీ నొప్పి గురించి ఒక్క ముక్కయినా ఉందేమో మళ్లీ చదవండి. లేదు. మీరు నొప్పి అంటే ఆయన నోట్‌బుక్ అంటున్నారు.

మీరు వీడియోను చూస్తారు, వీడియో మిమ్మల్ని చూడదు. మీ మణికట్టు ఎంత వంగిందో, మోచేయి ఎటు పోయిందో దానికి తెలియదు. మైకుతో వినే యూసీషియన్ లాంటి యాప్‌లదీ ఇదే పరిస్థితి. సరైన స్వరం సరైన సమయానికి మోగిందా అని అవి వింటాయి. ప్రాణం పోయేలా నొక్కి మోగించినా మార్కులు వేస్తాయి. బొటనవేలు నెక్ (గిటార్ మెడ) వెనక, మధ్యలో, ఆనీ ఆననట్టు ఉండాలి. మీది పైకి ఎక్కి పిండుతూ ఉంటుంది, చూడకుండానే చెప్పగలను.

మెట్రోనోమ్60
చూడకుండానే చెప్పగలరా? మరి వీడియోలో మాస్టారు చూడకుండా చెబితే తప్పేంటండీ?

పైగా "బొటనవేలు వెనకే ఉండాలి" అనేది ఏ శాస్త్రం? రాక్ గిటారిస్ట్ జిమీ హెండ్రిక్స్ బొటనవేలిని పైనుంచి తిప్పి ఆరో తీగను దాంతోనే నొక్కాడు. జాజ్ గిటారిస్ట్ వెస్ మోంట్‌గోమరీకి పాఠం చెప్పినవాళ్లు లేరు, రికార్డులు విని నేర్చుకున్నాడు. పిక్కే వదిలేసి కుడి చేతి బొటనవేలితో వాయించాడు. ఇద్దరి టెక్నిక్కూ తప్పేనంటారా?

ఎడమచేతివాటం
మధ్యలో వస్తున్నందుకు సారీ. నేను ఎడమచేత్తో వాయిస్తాను. ఎదురుగా కూర్చుని నేర్పే వీడియోలు నాకు అద్దంలో చూసుకున్నట్టే ఉంటాయి. మీ అందరికీ తిప్పి ఊహించుకోవాలి, నాకు అక్కర్లేదు. ఆన్‌లైన్ పాఠాల వల్ల లాభపడ్డవాళ్లలో మేమూ ఉన్నామని చెప్పడానికే వచ్చాను.

నైలాన్‌వేళ్లు
హెండ్రిక్స్ వాయించింది స్ట్రాటోకాస్టర్ అనే ఎలక్ట్రిక్ గిటార్. దాని నెక్ వెడల్పు నట్ (తల దగ్గర తీగలు ఆనే గాడుల పట్టీ) దగ్గర సుమారు 42 మిల్లీమీటర్లు. క్లాసికల్ గిటార్‌కు అదే చోట 52 ఉంటుంది. ఒక సెంటీమీటరు తేడా. ఆ సెంటీమీటరు మీద బొటనవేలు పైకి తిప్పి చూడండి, వేళ్లు ఎక్కడిదాకా అందుతాయో. ఎఫ్ రాదని అడిగిన మనిషికి హెండ్రిక్స్‌ను చూపించడం, నడక రాని పిల్లాడికి తాడు మీద నడిచేవాణ్ణి చూపించడమే.

మెట్రోనోమ్60
ఆయన దగ్గర క్లాసికల్ గిటార్ ఉందని మీకెవరు చెప్పారు?

నైలాన్‌వేళ్లు
స్ట్రాట్ ఉందని మీకెవరు చెప్పారు?

కాపో
ఏకలవ్యుడు బొమ్మను పెట్టుకుని సొంతంగానే నేర్చుకున్నాడు. గురువుగారు వచ్చి బొటనవేలే అడిగారు. ఇక్కడా గొడవంతా బొటనవేలి మీదే. ఏమీ మారలేదన్నా.

పాతపిక్
అసలు సంగతి వదిలేశారు. కొత్తతీగ, మీరు చూపుడువేలితో ఆరు తీగలనూ సమానంగా నొక్కాలని చూస్తున్నారనుకుంటా. ఎఫ్‌లో ఆ అవసరం లేదు. ఐదు, నాలుగు, మూడు తీగలను మిగతా వేళ్లు ఎలాగూ నొక్కుతాయి. చూపుడువేలి పని ఆరో తీగ, రెండో తీగ, ఒకటో తీగ. వేలిని కాస్త పక్కకు, ఎముక వైపు ఒరిగించండి. మెత్తటి వైపుతో నొక్కితే కీలు దగ్గరి గుంటలో తీగ పడి మూగబోతుంది.

ఇంకోటి, అదే ఆకారాన్ని 5వ ఫ్రెట్ (నెక్ మీది అడ్డ లోహపు గీత) దగ్గర పట్టి చూడండి. అక్కడ హాయిగా మోగి 1వ ఫ్రెట్ దగ్గరే మొరాయిస్తే మీ చేతి తప్పు కాదు, నట్‌లో గాడి లోతు చాలక తీగ ఎత్తులో ఉండొచ్చు. గిటార్ సెటప్ చేసేవాళ్లకు చూపించండి. ఈ మాట చాలా వీడియోల్లో చెప్పరు. వాళ్ల గిటార్లన్నీ సెటప్ చేసినవే మరి.

మెట్రోనోమ్60
పాతపిక్ గారు చెప్పింది చూశారా? రాసి చెప్పారు. వీడియో కూడా కాదు, ఉత్త అక్షరాలు. ఇది పనిచేస్తే నైలాన్‌వేళ్లు గారి సిద్ధాంతం ఏమవుతుంది?

నైలాన్‌వేళ్లు
పనిచేసిందని ఎవరన్నారు? "అనుకుంటా" అన్నారాయన. నేను పక్కన కూర్చుంటే "అనుకుంటా" అనక్కర్లేదు.

వీడియోలు చూసి మూడు నాలుగేళ్లు సొంతంగా సాధన చేసి, ఇక ముందుకు పోలేక వచ్చేవాళ్లను నేను చూస్తుంటాను. మోచేయి గాల్లో రెక్కలా ఉంటుంది. భుజం చెవి దగ్గర ఉంటుంది. కొత్తగా నేర్పడం తేలిక. అలవాటైనదాన్ని ముందు విప్పి, ఆ తర్వాత నేర్పడం నరకం. నిమిషానికి 60 మార్పులు చేస్తారు, అరవైసార్లూ తప్పుగానే. మీ నోట్‌బుక్‌లో ఆ తప్పులకు గడి ఉందా?

మెట్రోనోమ్60
చెడినవాళ్లే మీ దగ్గరికి వస్తారు కాబట్టి మీకు అందరూ చెడినట్టే కనిపిస్తారు. బాగుపడినవాళ్లు మీ గుమ్మం తొక్కరు.

నైలాన్‌వేళ్లు
విసిగి మానేసినవాళ్లు మీ వీడియోల కింద కామెంట్ పెట్టరు. అది మీకు కనిపించదు.

ఎడమచేతివాటం
ఇద్దరూ కరెక్టే కదా.

మెట్రోనోమ్60
కాదు. "నేను పక్కన కూర్చుంటే" అన్నారు చూడండి, అక్కడుంది అసలు జబ్బు. నాకు పద్నాలుగేళ్లప్పుడు ఒక మాస్టారు అలాగే పక్కన కూర్చున్నారు. బొటనవేలు పైకి వచ్చినప్పుడల్లా పెన్సిల్‌తో కొట్టేవారు. ఒకరోజు అందరి ముందూ నిలబెట్టి, "ఇలా పట్టుకోకూడదు" అని చూపించడానికి నా చేతినే వాడారు. మిగతావాళ్లు నవ్వారు. గిటార్ కవర్‌లోకి వెళ్లింది, తొమ్మిదేళ్లు బయటికి రాలేదు. తీసినప్పుడు తీగలు తుప్పు పట్టి ఉన్నాయి.

మళ్లీ మొదలుపెట్టింది వీడియోతోనే. ఎందుకో తెలుసా? అది నన్ను చూడదు కాబట్టి. మీరు లోపం అన్నదే నాకు కావలసింది. ఒకే చోట నలభైసార్లు తప్పినా స్క్రీన్ మీద మనిషి మొహం చిట్లించడు.

కాపో
ఈసారి జోకులు వెయ్యను.

నైలాన్‌వేళ్లు
ఆ మాస్టారు చేసింది తప్పు. దాన్ని నేను వెనకేసుకు రాను. కానీ నేనూ చెబుతాను, వినండి.

నేను గురువు దగ్గర మొదలుపెట్టినవాణ్ణి కాదు. మొదటి రెండేళ్లు రికార్డు చేసిన పాఠాలే, రోజూ మూడు గంటలు. మా ఇంట్లో గిటార్ గురించి తెలిసినవాళ్లు లేరు. ఎడమ మణికట్టు బాగా వంచి వాయించేవాణ్ణి. వీడియోలో ఆయన చెయ్యి అలాగే ఉందనుకున్నాను, కెమెరా కోణం వల్ల అలా కనిపించిందని తర్వాత తెలిసింది. నొప్పి వస్తే సాధన తక్కువైందనుకుని ఇంకో గంట పెంచాను. చివరికి డాక్టర్ ఐదు నెలలు గిటార్ ముట్టుకోవద్దన్నారు. ఆ ఐదు నెలల్లో తలుపు గొళ్లెం తీయడానికి కూడా కుడి చెయ్యే వాడేవాణ్ణి. ఆ రెండేళ్లలో ఒక్కరు, ఒక్క పూట నా చేతి వైపు చూసి "ఏంటి అలా వంచావు" అని ఉంటే చాలు.

అందుకే "నొప్పి" అనే మాట చూడగానే నేను మర్యాదగా మాట్లాడలేను.

మెట్రోనోమ్60
ఇది మొదటి పోస్టులోనే చెప్పొచ్చు కదండీ.

నైలాన్‌వేళ్లు
మీరు చెప్పారా?

పాతపిక్
నైలాన్‌వేళ్లు గారూ, మీరు నేర్పేది ఎక్కడ? నేరుగానా?

నైలాన్‌వేళ్లు
ఇప్పుడు ఎక్కువగా వీడియో కాల్‌లోనే.

మెట్రోనోమ్60
ఏంటీ? ఆన్‌లైన్‌లోనా? ఇన్ని పోస్టుల తర్వాత!

నైలాన్‌వేళ్లు
ఆన్‌లైన్ వద్దని నేనెప్పుడన్నాను? రికార్డు చేసిన పాఠం నిన్ను చూడదన్నాను. పైకెళ్లి చదవండి. కాల్‌లో నేను చూస్తాను. లోపాలు ఉన్నాయి, కాదనను. శబ్దం ఆలస్యంగా చేరుతుంది కాబట్టి ఇద్దరం కలిసి వాయించలేం, లయ నేర్పడం కష్టం. కాల్ సాఫ్ట్‌వేర్ గిటార్ మోతను చప్పుడనుకుని నొక్కేస్తుంది. జూమ్‌లో సంగీతం కోసం ఒరిజినల్ సౌండ్ సెట్టింగ్ ఉంది, అది ఆన్ చేయించేసరికే మొదటి క్లాసులో పది నిమిషాలు పోతాయి. కానీ ఫోన్ పక్కకు తిప్పమంటే మణికట్టు కనిపిస్తుంది. నాకు అది చాలు.

మెట్రోనోమ్60
నేను ఆన్‌లైన్ అన్న ప్రతిసారీ రికార్డు చేసిన పాఠాలనే ఉద్దేశం. అంటే రెండు రోజులుగా మనం వేర్వేరు వాటి గురించి కొట్టుకున్నాం. అయినా నా మాట మారదు. చూసేవాళ్లు ఉంటే నేను వాయించలేను.

కొత్తతీగ
క్షమించాలి, ఆఫీసు పనిలో ఇటు రాలేకపోయాను. నాది స్టీల్ తీగల అకూస్టిక్. స్ట్రాట్ కాదు, క్లాసికల్ కాదు. ఎవరూ అడగలేదు కాబట్టి చెబుతున్నాను.

పాతపిక్ గారి మాట మీద 5వ ఫ్రెట్ దగ్గర పట్టాను. ఒక్క తీగ తప్ప అన్నీ మోగాయి. 1వ ఫ్రెట్ దగ్గర మళ్లీ అదే గోల. కాబట్టి నట్ సంగతి చూపించాలి. ఆ తర్వాత ఫోన్ పక్కన పెట్టి నా చేతిని రికార్డు చేశాను. మోచేయి ఒంటికి జానెడు దూరంలో ఉంది, నాకు తెలియనే తెలియదు. బొటనవేలు వెనకే ఉంది, పైకి ఎక్కలేదు. కాకపోతే గోరు తెల్లబడేలా నొక్కుతోంది. బొటనవేలు పూర్తిగా తీసేసి, చేతి బరువుతో వెనక్కి లాగినట్టు నొక్కి చూశాను. నిన్న ఇరవై నిమిషాలు వాయించినా నొప్పి రాలేదు.

నైలాన్‌వేళ్లు
పైకి ఎక్కలేదా? సరే, అది నా తప్పు. పిండుతోంది మాత్రం నిజమే కదా. ఆ వీడియో ఇక్కడ పెట్టండి, మణికట్టు కూడా చూస్తాను. నొప్పి మళ్లీ వస్తే ఆ పూటకు ఆపేయండి.

మెట్రోనోమ్60
బొటనవేలు తీసేసి నొక్కే ఆ అభ్యాసం నేను మొదట చూసింది రికార్డు చేసిన పాఠంలోనే. ఊరికే గుర్తుచేస్తున్నాను.

కాపో
మెట్రోనోమ్ అన్నా, నువ్వూ ఒకటి పెట్టు. ఆ 60 మార్పులు మేమూ లెక్కపెడతాం.

మెట్రోనోమ్60
(రెండు రోజుల తర్వాత) పెట్టాను. 11 సెకన్లే. మొహం లేదు.

నైలాన్‌వేళ్లు
చూశాను. వేళ్లు తీగలకు అంటిపెట్టుకునే ఉన్నాయి, నోట్‌బుక్ అబద్ధం చెప్పలేదు. బొటనవేలి గురించి నేనేమీ అనను. కుడి చెయ్యి ఫ్రేమ్‌లో లేదేం?

మెట్రోనోమ్60
దాని గురించి మీరేమంటారో నాకు తెలుసు కాబట్టి.