బాల్ పైథాన్ కుబుసం పేలికలుగా వస్తోంది, కంటి పొర మిగిలిపోయింది. ఏం చేయాలి?

ప్రశ్న (తేనెరంగుపొలుసు):
మూడడుగుల బాల్ పైథాన్ (ఇంట్లో పెంచుకునే చిన్న జాతి కొండచిలువ). అద్దాల ట్యాంకు, పైన జాలీ మూత, వేడికి మూత మీద బల్బు. లోపల గోడకు అంటించిన, గాలిలో తేమ కొలిచే ముల్లు హైగ్రోమీటర్ ఎప్పుడు చూసినా 60 శాతమే చూపిస్తుంది. అయినా ఈసారి కుబుసం ఒకే తొడుగులా రాలేదు. మెడ దగ్గర ఒక పట్టీ, తోక కొసన రెండు మూడు వలయాలు, కుడి కంటి మీద పొర అలాగే ఉండిపోయాయి. కొబ్బరి నూనె రాస్తే మెత్తబడి ఊడుతుందా? కంటి పొరను ట్వీజర్‌తో తీయొచ్చా? వచ్చేసారి ఇలా కాకుండా ఏం మార్చాలి?

జవాబు (చెట్టుతొర్ర):
ముందుగా, ట్వీజర్ పక్కన పెట్టేయండి. నూనె కూడా వద్దు. ఎండిపోయిన కుబుసానికి కావలసింది నీరు. నూనె పైన పూతలా కూర్చుని తేమ లోపలికి దిగకుండా చేస్తుంది, ఆ జిడ్డుకు ట్యాంకు అడుగున పరిచిన పొట్టు అంతా అంటుకుంటుంది.

మెడకు, తోకకు ఇలా చేయండి. మూతకు గాలి రంధ్రాలున్న ప్లాస్టిక్ డబ్బాలో 28–30 డిగ్రీల నీళ్ళు పోయండి. థర్మామీటర్‌తో చూడండి, చేతి అంచనా వద్దు. లోతు పాము ఒళ్ళు మందంలో సగం దాటకూడదు, తల ఆనించుకోవడానికి ఒక తడి గుడ్డ మడిచి వేయండి. 20–30 నిమిషాలు చాలు. అంతసేపూ పక్కనే ఉండండి. తిని 48 గంటలు కాకపోతే నానబెట్టకండి, కక్కేస్తుంది.

తర్వాత గరుకు తువ్వాలును తడిపి గుప్పిట్లో వదులుగా పట్టుకుని, పామును దాని గుండా పాకనివ్వండి. అది ముందుకు కదులుతుంటే కుబుసం తువ్వాలుకు తట్టుకుని వెనక్కి ఒలుచుకుంటుంది. మీరు లాగకూడదు. రాని ముక్కను వదిలేసి మర్నాడు మళ్ళీ నానబెట్టండి. బలవంతంగా పీకితే కింద ఇంకా గట్టిపడని కొత్త చర్మం కూడా లేస్తుంది.

తోక కొసను మాత్రం వాయిదా వేయకండి. అక్కడ మిగిలిన వలయం ఎండేకొద్దీ బిగుసుకుని రక్తం ఆడనివ్వదు. కొస నల్లబడి, ఎండి, చివరికి ఊడిపోతుంది. నానిన తర్వాత తడి దూది పుల్లను లావు వైపు నుంచి కొస వైపుకు మెల్లగా దొర్లించండి. వలయానికి పైన వాచినా, కొస రంగు మారినా ఇంట్లో ప్రయత్నాలు ఆపి సరీసృపాలు చూసే వెట్ (పశువైద్యుడు) దగ్గరికి తీసుకెళ్ళండి.

జవాబు (పాతకుబుసం):
నానబెట్టడం ఈసారికి సరిపోతుంది. అసలు లోపం మాత్రం ట్యాంకులోని గాలిలో ఉందని నా నమ్మకం.

కుబుసం విడిచే ముందు పాత చర్మం కింద కొత్తది పూర్తిగా తయారవుతుంది. ఆ రెండింటి మధ్య పల్చటి ద్రవం చేరి వాటిని విడదీస్తుంది. కళ్ళు పాలనీలంగా మారేది అందుకే. పాము ఒంట్లో నీరు తగ్గినా, గాలి పొడిగా ఉన్నా ఆ ద్రవం చాలదు, పొరలు అక్కడక్కడా అతుక్కునే ఉంటాయి. కాబట్టి ఆఖరి రోజున నీళ్ళు చల్లి లాభం లేదు. పొట్ట గులాబీ రంగుకు తిరగ్గానే తేమ పెంచాలి. బాల్ పైథాన్‌కు మామూలు రోజుల్లో 60–70 శాతం, కుబుసం సమయంలో 70–80. కార్న్ స్నేక్ అనే మరో పెంపుడు పాముకు ఇంత అక్కర్లేదు.

ఎప్పుడూ 60 దగ్గరే నిలిచే ముల్లును నేను నమ్మను. ప్రోబ్ (తీగ చివర ఉండే కొలిచే మొన) ఉన్న డిజిటల్‌ది తీసుకుని, చల్లటి వైపు, పాము పాకే ఎత్తులో పెట్టండి. దాన్ని కూడా పరీక్షించండి: ఒక సీసా మూతలో ఉప్పు పోసి, కరిగిపోకుండా ముద్దయ్యేంత నీరు కలిపి, ప్రోబ్‌తో పాటు గాలి చొరని డబ్బాలో మూసిపెట్టండి. పన్నెండు గంటల తర్వాత 75 చూపించాలి. ఎంత తేడా ఉంటే అంత లెక్కలో సవరించుకోండి.

జాలీ మూత, పైన బల్బు ఉన్నచోట తేమ నిలవదు. వేడెక్కిన గాలి తేమను పట్టుకుని పైకి పోతుంది. జాలీలో మూడొంతులు పైనుంచి యాక్రిలిక్ షీటుతో కప్పండి, బల్బు చుట్టూ జాగా వదలండి. ట్యాంకు లోపల ఎక్కడా జిగురు టేపు వాడకండి. పాము దానికి అంటుకుంటే పొలుసులు చీలిపోతాయి. అడుగున కొబ్బరి పీచు ముక్కలు 7–10 సెంటీమీటర్ల మందాన పరిచి, నీళ్ళు మూలల్లో పోయండి. కింది పొర తడిగా, పై పొర పొడిగా ఉండాలి. పైనుంచి స్ప్రే కొడితే తేమ కాసేపే పెరుగుతుంది, పై పొర మాత్రం తడిసే ఉంటుంది. పాము ఎప్పుడూ తడి మీద పడుకుంటే పొట్ట పొలుసులు ఎర్రబడి బొబ్బలెక్కి కుళ్ళుతాయి.

గరుకైన కొమ్మ ఒకటి, అంచులు కోసుకోని రాయి ఒకటి పెట్టండి. ముక్కు రుద్దుకుని పెదవి దగ్గర చర్మం లేపుకోవడానికి ఏదో ఒక ఆసరా ఉండాలి. కళ్ళు మసకగా ఉన్నన్నాళ్ళూ తిండి పెట్టకండి, చేతిలోకి తీసుకోకండి. కళ్ళు తేటపడ్డాక సాధారణంగా కొన్ని రోజుల్లో విడుస్తుంది. అంతదాకా నానబెట్టకండి. తేటపడి వారం దాటినా విడవకపోతే అప్పుడు చూద్దాం.

జవాబు (గాజుకన్ను):
కన్ను గురించి విడిగా చెప్పాలి. పాముకు కదిలే రెప్పలుండవు. కంటిని కప్పే పారదర్శకమైన పొలుసు ఉంటుంది, ప్రతి కుబుసంతోనూ దాని పైపొర పోతుంది. ట్వీజర్‌తో లాగితే కింద ఉన్న సజీవ పొర కూడా చిరిగి కన్నే పోవచ్చు.

పొర నిజంగా మిగిలిందా అనేది ముందు తేల్చుకోండి. ఊడిన కుబుసంలో తల భాగాన్ని నీళ్ళలో విప్పి వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే, కళ్ళున్న చోట కాంటాక్ట్ లెన్సుల్లాంటి రెండు స్వచ్ఛమైన బుడిపెలు కనిపించాలి. ఒకటే ఉంటే రెండోది కంటి మీదే ఉందని అర్థం. రెండూ ఉండి కన్ను సొట్టపడినట్టుంటే అది నీటి కొరత కావచ్చు, తేమ సరిచేస్తే సర్దుకుంటుంది. మిగిలిన పొర మసకగా, అంచుల దగ్గర ముడతలతో కనిపిస్తుంది.

ఒక్క పొరే అయితే తేమ సరిచేసి వచ్చే కుబుసం దాకా ఆగండి, సాధారణంగా రెండూ కలిసి పోతాయి. రెండోసారీ మిగిలితే, లేదా కన్ను వాచినా చీము కనిపించినా వెట్ చూడాల్సిందే. చుక్కల మందు కూడా ఆయన చెప్పిందే వాడండి.

తేనెరంగుపొలుసు:
తల భాగంలో ఒక బుడిపే ఉంది. డిజిటల్‌ది పెడితే 42 శాతం వచ్చింది! మూత కప్పేశాను. కుబుసం రోజుల్లో వాడే తడి గూడు ఎలా కట్టాలి? ఇంకోటి, నీళ్ళ గిన్నెలో మిరియాల పొడి చల్లినట్టు నల్ల చుక్కలున్నాయి. మట్టేనా?

చెట్టుతొర్ర:
ఆ చుక్కలను తెల్ల కాగితం రుమాలు మీద నలపండి. ఎర్రటి మరక పడితే అవి మైట్లు, అంటే పాము రక్తం తాగే సన్నటి పురుగులు. కంటి చుట్టూ, గడ్డం కింద మడతల్లోనూ వెతకండి. మైట్లుంటే తేమ ఎంత సరిగ్గా ఉన్నా కుబుసం చెడుతుంది. అడుగుదంతా తీసి పారేసి, కాగితం రుమాళ్ళు పరిచి, మందుకు వెట్‌ను అడగండి. కుక్కలకు వాడే పురుగుమందు సొంతంగా కొట్టకండి.

తడి గూడుకు, పాము చుట్టచుట్టుకుంటే ఒళ్ళు గోడలకు తగిలేంత చిన్న డబ్బా తీసుకోండి. పక్కన దాని లావుకు రెండింతల కన్నం కోసి, అంచులను ఇసుక కాగితంతో రుద్దండి. స్ఫాగ్నమ్ నాచును నానబెట్టి చుక్క కారనంతగా పిండి సగం దాకా నింపండి. వెచ్చటి వైపుకూ చల్లటి వైపుకూ మధ్యలో పెట్టండి. బల్బు కింద పెడితే పూటలో ఎండిపోతుంది. రోజూ వేలు పెట్టి చూసి, ఆరితే తడపండి. బూజు కనిపించినా, పుల్లటి వాసన వచ్చినా నాచు మొత్తం మార్చండి. మైట్ల సంగతి తేలేదాకా మాత్రం ఇందులో నాచుకు బదులు తడి కాగితం రుమాళ్ళే వేసి, రోజూ మార్చండి.