అల్ట్రాసౌండ్ స్కాన్‌లో థైరాయిడ్ నలుపును దేనితో పోల్చాలి: మెడ కండరంతోనా, దవడ కింది గ్రంథితోనా?

నల్లగొండ స్కానింగ్ గది:
మొన్న దేవరకొండ వైపు నుంచి ఒకామె వచ్చింది, నలభై ఏళ్లుంటాయి. వేరేచోట తీయించుకున్న రిపోర్టు తెచ్చింది: 'థైరాయిడ్ ఎకో నార్మల్. కుడివైపు 1.8 సెం.మీ. గట్టి గడ్డ, ఎకో చుట్టుపక్కల కణజాలంతో సమానం.' ఎకో అంటే స్కాన్‌లో కణజాలం ఎంత తెల్లగా కనపడుతుందన్నది. నేనూ ప్రోబ్ పెట్టి చూశా. గడ్డ, గ్రంథి ఒకే రంగులో ఉన్నాయి, అది నిజమే. మిషన్‌లో గెయిన్ (వెలుతురు), డెప్త్ (లోతు) ముట్టుకోకుండా ప్రోబ్‌ను అలాగే దవడ కిందికి జరిపా. అక్కడి లాలాజల గ్రంథి తెల్లగా ఉంది. జబ్బు లేని థైరాయిడ్ ఇంచుమించు ఆ తెలుపులోనే కనపడాలి. అంటే ఆమె గ్రంథి మొత్తం నల్లబడింది. రక్తపరీక్షలో టీపీఓ యాంటీబాడీలు బాగా ఎక్కువ వచ్చాయి. హషిమోటో, అంటే ఒంటి రక్షణ వ్యవస్థే థైరాయిడ్‌ను దెబ్బతీసే జబ్బు.

ప్రతి థైరాయిడ్ స్కాన్‌లో దవడ కింద కూడా ఒక ఫొటో తీయాల్సిందేనంటాను. మీరేమంటారు?

మిర్యాలగూడ రేడియాలజీ:
ఒప్పుకోను సార్. మెడ ముందు కండరాలు గ్రంథికి ఆనుకునే ఉంటాయి, అదే ఫ్రేములో దొరుకుతాయి. దవడ కింది గ్రంథికి ఇంకో ఫ్రేము కావాలి. అక్కడ లోతు వేరు, చర్మం కింది కొవ్వు వేరు. టీజీసీ (లోతును బట్టి వెలుతురు సరిచేసే మీట) కాస్త కదిలినా తెలుపు మారిపోతుంది.

ఇంకో సంగతి. హషిమోటో ఉన్నా సరే, గడ్డను పక్కనున్న థైరాయిడ్‌తోనే పోల్చమంటుంది ఏసీఆర్ (అమెరికా రేడియాలజీ సంఘం). వెనక కణజాలం మారిందని విడిగా రాసుకోవచ్చు. గడ్డలకు అనుమానాన్ని బట్టి మార్కులు వేసే వాళ్ల 2017 టైరాడ్స్ లెక్క చూడండి. గట్టి గడ్డకు 2, సమాన ఎకోకు 1, మొత్తం 3. అది టీఆర్3, సూది పరీక్ష 2.5 సెం.మీ. నుంచే. దవడ గ్రంథితో పోల్చి నలుపుకు 2 వేశారా, మొత్తం 4, టీఆర్4. అప్పుడు 1.5కే సూది. మీ పేషెంటు గడ్డ 1.8. ఒక్క మార్కు తేడాకు ఆమె మెడలో సూది దిగుతుంది.

నల్లగొండ స్కానింగ్ గది:
గడ్డ మార్కు నేను మార్చలేదు. టీఆర్3 అనే రాసి, ఏడాదికి మళ్లీ రమ్మన్నా. నా బాధంతా ఆ మొదటి రిపోర్టులోని 'నార్మల్' అనే మాట గురించే. కండరం కన్నా తెల్లగా ఉంటే చాలు, నార్మల్ అని రాసేస్తున్నాం. హషిమోటో గ్రంథి కొందరిలో కండరం కన్నా తెల్లగానే ఉంటుంది, కానీ దవడ గ్రంథి ముందు వెలవెలబోతుంది. ఆ మధ్య మెట్టును కండరం పట్టివ్వదు. పైగా వయసు మళ్లినవాళ్ల కండరంలో కొవ్వు చేరి అదే తెల్లబడుతుంది.

పాలమూరు ఫిజీషియన్:
మీ రిపోర్టులు చదివి మందు రాసేవాణ్ని, ఒక మాట చెప్తా. హషిమోటో ఉన్న కొందరికి షోగ్రెన్ జబ్బు (నోరు, కళ్లు ఎండిపోయేది) కూడా ఉంటుంది. అందులో లాలాజల గ్రంథే చెడిపోతుంది, లోపల చిన్న చిన్న నల్ల మచ్చలు పడతాయి. నల్లబడిన దాన్ని నల్లబడిన దానితో పోలిస్తే రెండూ సమానమనే వస్తుంది. థైరాయిడ్‌కు రేడియో అయోడిన్ తీసుకున్నవాళ్లకు, మెడకు రేడియేషన్ పెట్టించుకున్నవాళ్లకు కూడా ఆ గ్రంథి దెబ్బతినొచ్చు. అందుకే నేను ముందు అడుగుతా: 'అమ్మా, జొన్నరొట్టె మింగాలంటే నడుమ నడుమ నీళ్లు తాగాల్నా? కండ్లల్ల ఇసుక పడ్డట్టుంటదా?' అవునంటే ఆ గ్రంథిని కొలబద్దగా పెట్టుకోకండి.

మర్రిగూడ బిడ్డ:
సార్, మా అమ్మ రిపోర్టుల థైరాయిడ్ నల్లగున్నదని రాసిండ్రు. టీఎస్‌హెచ్ రక్తపరీక్ష మాత్రం నార్మలే. ఇన్నేండ్లు ఫ్లోరైడ్ నీళ్లు తాగినం కాబట్టే ఇట్లయిందని ఊర్లె అంటున్నరు. గోలీలు మొదలు పెట్టాల్నా?

పాలమూరు ఫిజీషియన్:
తమ్ముడూ, గ్రంథి నల్లగా ఉందా లేదా అన్నది స్కానింగ్ చెప్తుంది, ఎందుకు నల్లబడిందో చెప్పదు. ఫ్లోరోసిస్ పళ్లను, ఎముకలను పట్టే జబ్బు. ఈ ఫొటో చూసి నీళ్ల మీద నేరం వేయలేం. గ్రేవ్స్ జబ్బులో (థైరాయిడ్ అతిగా పనిచేసేది) కూడా గ్రంథి నల్లగానే కనపడుతుంది, అయితే అందులో టీఎస్‌హెచ్ పడిపోతుంది. అమ్మకు టీఎస్‌హెచ్ బాగుంది కాబట్టి రంగు చూసి గోలీలు మొదలు పెట్టొద్దు. టీపీఓ ఒకసారి చేయించి, ఏడాదికోసారి టీఎస్‌హెచ్ చూపించండి.

మిర్యాలగూడ రేడియాలజీ:
షోగ్రెన్ సంగతి సరిగ్గా పట్టుకున్నారు సార్. స్క్రీన్ రెండుగా చేసి, ఒకే గెయిన్‌లో రెండు గ్రంథులూ పక్కపక్కన పెడితే నాకూ అభ్యంతరం లేదు. కండరాన్ని మాత్రం వదలను.

నల్లగొండ స్కానింగ్ గది:
వదలొద్దు. మా రిపోర్టులో ఇవాళే ఈ వరుస పెట్టా: 'థైరాయిడ్ ఎకో మెడ కండరం కన్నా ఎక్కువ, దవడ కింది గ్రంథి కన్నా తక్కువ. దవడ కింది గ్రంథిలో మచ్చలు లేవు.' మర్రిగూడ తమ్ముడూ, అమ్మ ఫిల్ములు ఉంటే పట్టుకురా. దవడ కింద ఫొటో తీసి ఉన్నారేమో చూద్దాం.