ఆర్కేడ్ సీఆర్‌టీలో ఎరుపు రావట్లేదు: ట్రాన్సిస్టరా, ప్రీసెట్టా?

20 అంగుళాల పాత ఆర్కేడ్ (వీడియో గేమ్ మెషిన్) మానిటర్, సీఆర్‌టీ అంటే పిక్చర్ ట్యూబ్‌ది. తెలుపు రావాల్సిన చోట నీలిపచ్చ వస్తోంది. ఇన్‌పుట్‌లో ఎరుపు, ఆకుపచ్చ తీగలు మార్చినా ఎరుపే లేదు, కాబట్టి గేమ్ బోర్డు తప్పు కాదు. నెక్ బోర్డులో (ట్యూబ్ మెడకు తగిలించే చిన్న బోర్డు) ఆకుపచ్చ, నీలం క్యాథోడ్లు (ట్యూబ్‌లో ఆ రంగుల కిరణాలు బయల్దేరే చోట్లు) 120 వోల్టుల దగ్గరున్నాయి, ఎరుపుది 175 (సప్లై 180). ఎరుపుది దాదాపు సప్లై దగ్గరే ఉందంటే దాన్ని కిందికి లాగాల్సిన ఎరుపు ట్రాన్సిస్టర్ కండక్ట్ కావట్లేదు, ట్యూబ్‌ను ఇప్పుడే అనుమానించక్కర్లేదు. బేస్‌కు సిగ్నల్ అందుతోంది. సాకెట్ కాళ్లకు మళ్లీ సోల్డర్ పెట్టా.

ట్రాన్సిస్టర్ ఎమిటర్ దారిలోని కటాఫ్ ప్రీసెట్ (ఆ రంగు ఎక్కడ ఆరిపోవాలో సర్దే చిన్న వేరియబుల్ రెసిస్టర్) కదిపితే ఒక్క క్షణం ఎరుపు మెరుస్తోంది, నా అనుమానం దానిమీదే. దానిమీద రాసిన విలువ చెరిగిపోయింది. నీలం ప్రీసెట్ ఒక కాలు లేపి కొలిచి అదే వేయొచ్చా?

ట్రాన్సిస్టరే పోతే ఇప్పుడున్న 2ఎస్‌సీ2688 బదులు కోఠి గుజరాతీ గల్లీలో ఎంజేఈ340 ఇస్తామంటున్నారు. 300 వోల్టులు తట్టుకుంటుంది గానీ వీడియోకి మందకొడి. అక్షరాల పక్కన ఎరుపు చారలా సాగినట్టు కనపడదా? వాడినవాళ్లు చెప్పండి.