అనుమతి లేని ఓవర్‌టైమ్: ఆఫీసర్ జీతం ఆపాలా, సస్పెండ్ చేయాలా?

జీతాలబల్ల (ప్రశ్న)

నమస్కారం అండి. టెక్సాస్‌లో ఒక మధ్యతరహా సిటీ హెచ్.ఆర్.లో పోలీసు డిపార్ట్‌మెంట్ ఫైళ్లు నా దగ్గరికి వస్తాయి. మాది చాప్టర్ 143 (టెక్సాస్ లోకల్ గవర్నమెంట్ కోడ్‌లో పోలీసు ఉద్యోగ నియమాలున్న భాగం) వర్తించే సివిల్ సర్వీస్ సిటీ. పోలీసు అసోసియేషన్‌తో మీట్ అండ్ కన్‌ఫర్ ఒప్పందం (ఉద్యోగ షరతుల మీద చర్చించి రాసుకునేది) లేదు.

విషయం ఇది. ఓవర్‌టైమ్ చేయాలంటే ముందుగా సార్జెంట్ అనుమతి ఉండాలని మా జనరల్ ఆర్డర్ (డిపార్ట్‌మెంట్ రాతపూర్వక రూలు). ఒక పాట్రోల్ ఆఫీసర్ అనుమతి లేకుండానే 22 గంటలు టైమ్‌షీట్‌లో వేసుకున్నారు. ఒక 28 రోజుల పీరియడ్‌లో 14 గంటలు, తర్వాతి పీరియడ్‌లో 8. రెగ్యులర్ డ్యూటీ పీరియడ్‌కు 160 గంటలు. మొదటి ఎంట్రీ ఫిబ్రవరి 9న. ఇప్పుడు జులై మొదటి వారం. ఈ 22 గంటల్లో 4 గంటలు ఆయన ఒక షాపింగ్ సెంటర్‌లో చేసే ఆఫ్ డ్యూటీ సెక్యూరిటీ పనితో ఒకే సమయంలో ఉన్నట్టు కనిపిస్తోంది.

చీఫ్ గారు "ఆ డబ్బు ఇవ్వొద్దు, మూడు రోజులు సస్పెన్షన్ కాగితం రేపే తయారు చెయ్యండి" అంటున్నారు. ఇలా చేయొచ్చా? మన ఊళ్లో చార్జ్ మెమో ఇచ్చి, సంజాయిషీ అడిగి, ఆ తర్వాత శిక్ష వేస్తారు కదా, ఇక్కడ దానికి సమానమైనది ఏది?

లెక్కలమేస్త్రి

ముందు డబ్బు సంగతి తేల్చుకోండి. శిక్షనూ జీతాన్నీ ఒకే కాగితం మీద కలిపితే రెండూ పాడవుతాయి.

ఫెడరల్ ఫెయిర్ లేబర్ స్టాండర్డ్స్ చట్టం ప్రకారం, యజమాని చేయనిచ్చిన పని పనే. అనుమతి లేదన్న కారణంతో జీతం ఎగ్గొట్టడం కుదరదు. వద్దనుకుంటే పని జరగకుండా ఆపాల్సిన బాధ్యత మేనేజ్‌మెంట్‌దే. "అనుమతి లేని ఓవర్‌టైమ్‌కు డబ్బు ఇవ్వబడదు" అని గోడమీద నోటీసు అంటించినంత మాత్రాన ఆ బాధ్యత తీరదు. నిజంగా పని చేసిన గంటలకు చెల్లించి, రూలు మీరినందుకు విడిగా చర్య తీసుకోవాలి.

ఎంత చెల్లించాలన్నది వేరే లెక్క. పోలీసులకు ఆ చట్టంలోని 207(కె) మినహాయింపు వాడుకుంటే ఓవర్‌టైమ్ మొదలయ్యే హద్దు 28 రోజుల పీరియడ్‌కు 171 గంటలు (14 రోజులకైతే 86, వారానికైతే 43). మీ మొదటి పీరియడ్‌లో 160కి 14 కలిపితే 174. అంటే ఫెడరల్ చట్టం ప్రకారం ఒకటిన్నర రెట్లు రావాల్సింది 3 గంటలకే. రెండో పీరియడ్‌లో 168, హద్దు దాటనే లేదు. ఆ మొదటి పీరియడ్‌లో ఆయన 10 గంటల సిక్ లీవ్ పెట్టి ఉంటే అసలు పని చేసింది 164 గంటలే. జీతంతో ఇచ్చే లీవు "పని చేసిన గంటల్లో"కి రాదు, అప్పుడు ఆ 3 గంటలు కూడా ఎగిరిపోతాయి.

ఇది ఫెడరల్ కనీసం మాత్రమే. 160 దాటగానే ఒకటిన్నర ఇస్తామని మీ సిటీ ఆర్డినెన్స్‌లోనో పే పాలసీలోనో రాసుకుని ఉంటే అది విడిగా చూడాలి. టెక్సాస్ లోకల్ గవర్నమెంట్ కోడ్ 142వ చాప్టర్‌లోనూ పోలీసు పని గంటల నియమాలున్నాయి, సిటీ అటార్నీకి చూపించండి. మరొకటి, డబ్బుకు బదులు కాంప్ టైమ్ (జీతంతో సెలవు) వేసుకోనిస్తుంటే పోలీసులకు గరిష్ఠం 480 గంటలు. గంటకు ఒకటిన్నర లెక్కన అంటే 320 గంటల అసలు ఓవర్‌టైమ్. ఆ ఖాతా నిండిపోయిన ఆఫీసర్‌కు డబ్బే ఇవ్వాలి.

షాపింగ్ సెంటర్ పని వేరే యజమాని కింద, ఆయన ఇష్టపడి చేసుకునేది అయితే ఆ గంటలు సిటీ లెక్కలో కలవవు. కానీ ఒకే గంటకు రెండుచోట్ల జీతం తీసుకోవడం ఓవర్‌టైమ్ రూలు మీరడం కాదు, ఇంకో జాతి తప్పు.

పాతజీడీ

మేస్త్రి గారు చివర్లో ముట్టుకున్న చోటే మీ కేసు రెండుగా చీలుతుంది. 18 గంటలు ఒక ఫైలు, 4 గంటలు ఇంకో ఫైలు అనుకోండి.

18 గంటల్లో పని జరిగింది, అనుమతి మాత్రం లేదు. అది రూల్ ఉల్లంఘన. ఆ 4 గంటల్లో పని జరగకుండానే జరిగిందని రాసి ఉంటే అది అబద్ధం. టెక్సాస్ పీనల్ కోడ్ 37.10 కింద ప్రభుత్వ రికార్డును తారుమారు చేయడం దాకా వెళ్తుంది. పైగా పోలీసు ఆఫీసర్ మీద "నిజాయితీ లేదు" అని తేలితే ప్రాసిక్యూటర్ ఆ సంగతి డిఫెన్స్ లాయర్లకు చెప్పాల్సి వస్తుంది. 1963 నాటి బ్రేడీ, 1972 నాటి జిగ్లియో తీర్పుల ఫలితం అది. ఆ తర్వాత ఆయన్ను సాక్షి బోనెక్కించడం కష్టం, కేసులు పట్టడం కష్టం. పేరుకు మూడు రోజుల సస్పెన్షనే అయినా కాగితం మీద "ఫాల్సిఫికేషన్" అన్న మాట పడితే ఉద్యోగం పోయినంత పని. ఆధారం లేకుండా ఆ మాట రాయకండి. ఆధారం ఉంటే దాచిపెట్టి "టైమ్‌షీట్ పొరపాటు" అనీ రాయకండి.

ఆధారాలు ఎక్కడ దొరుకుతాయంటే: డిస్పాచ్ క్యాడ్ లాగ్ (కాల్స్ పంపే కంప్యూటర్ రికార్డు), కారులోని కంప్యూటర్ లాగిన్, పాట్రోల్ కారు జీపీఎస్, బాడీ కెమెరా ఆన్ ఆఫ్ సమయాలు, స్టేషన్ తలుపు కార్డు, రేడియో రికార్డింగు, షాపింగ్ సెంటర్ వాళ్ల సైన్ ఇన్ షీటు. అన్నిటికంటే ముందు బాడీ కెమెరా వీడియో చెరిగిపోకుండా హోల్డ్ పెట్టించండి. టెక్సాస్‌లో కనీసం దాచాల్సింది 90 రోజులు. ఫిబ్రవరి వీడియోలు ఇప్పటికే చెరిగిపోయి ఉండవచ్చు, మిగిలినవన్నా కాపాడుకోండి.

వీటితో దెబ్బతినే చోట్లు కూడా చెప్తాను. జీపీఎస్ కారు ఎక్కడుందో చెప్తుంది, మనిషి ఎక్కడున్నాడో కాదు. క్యాడ్ గడియారానికీ టైమ్‌షీట్ గడియారానికీ నాలుగైదు నిమిషాలు తేడా ఉంటుంది. పావుగంటకు రౌండ్ చేసే పాలసీ ఉంటే 7 నిమిషాల తేడా అబద్ధం కాదు. రిపోర్టు రాస్తూ కూర్చున్న గంట క్యాడ్‌లో ఖాళీగానే కనిపిస్తుంది, రిపోర్ట్ సాఫ్ట్‌వేర్‌లో సేవ్ అయిన సమయాలు చూడకపోతే మోసపోతారు. ఒకే ఆధారం మీద నిలబడే ఆరోపణ అప్పీలు హియరింగ్‌లో పది నిమిషాలు ఆగదు.

2020 సెప్టెంబరులో బోస్టన్ పోలీసు ఎవిడెన్స్ వేర్‌హౌస్ కేసు గుర్తుందా? అప్పటి, మాజీ ఆఫీసర్లు మొత్తం తొమ్మిది మందిని ఫెడరల్ అధికారులు అరెస్టు చేశారు. సాయంత్రం 4 నుంచి 8 దాకా చేసే ఓవర్‌టైమ్ షిఫ్టు నుంచి ముందే వెళ్లిపోయి పూర్తి గంటలు రాసుకున్నారన్నది అభియోగం. ఓవర్‌టైమ్ స్లిప్పుల పక్కన గోదాము అలారం రికార్డులు పెట్టి చూశారు. అలారం వేసి తాళం పడ్డాక లోపల పని చేశామంటే ఎలా కుదురుతుంది? మీరు వెతకాల్సింది కూడా అలాంటిదే, మనిషి చేతిలో లేని రికార్డు.

జీతాలబల్ల

ఇద్దరికీ ధన్యవాదాలు. ఆయన్ను పిలిచి అడగాలి కదా. యూనియన్ మనిషి ఉండాలా? రేపే సస్పెన్షన్ అన్న మాట మీద కూడా ఎవరైనా చెప్పండి.

నూటనలభైమూడు

రేపే వద్దు. అలాగని తీరిగ్గానూ వద్దు. చాప్టర్ 143లో గడియారం చాలా కఠినం. సస్పెండ్ చేసిన రోజు నుంచి వెనక్కి లెక్కేసి 180 రోజులు దాటిన పనిని చీఫ్ అభియోగంలో పెట్టలేరు. ఫిబ్రవరి 9 ఎంట్రీకి ఆ గడువు ఆగస్టు 8తో అయిపోతుంది. మీ వరకు జులై ఆఖరు అనుకోండి. నేరానికి సంబంధించిన పనైతే 180 రోజులు జరిగిన రోజు నుంచి కాకుండా బయటపడ్డ రోజు నుంచి లెక్క. కానీ ఆ సాకు మీద ఆధారపడకండి, అది నేరమేనని హియరింగ్‌లో మీరే చూపించాల్సి వస్తుంది.

వరుస ఇలా నడవాలి. ఫిర్యాదు రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి, కాపీ ఆఫీసర్‌కు అందాలి. గవర్నమెంట్ కోడ్ 614లో ఉన్న నియమం ఇది. ఎన్నో సస్పెన్షన్లు ఇక్కడే పడిపోతాయి, ఎందుకంటే "ఇంటర్నల్ ఆడిట్‌లో దొరికింది కదా, ఫిర్యాదు ఎందుకు" అనుకుంటారు. ఆడిట్ చేసిన సార్జెంటో లెఫ్టినెంటో సంతకం పెట్టి ఫిర్యాదుగా మార్చాలి.

నాలుగు గంటల సంగతిలో నేరం వాసన ఉంటే ముందు డిస్ట్రిక్ట్ అటార్నీని అడగండి. తర్వాత ఇంటర్నల్ అఫైర్స్ (డిపార్ట్‌మెంట్ అంతర్గత విచారణ విభాగం) ఇంటర్వ్యూలో గారిటీ హెచ్చరిక చదివించాలి: జవాబు చెప్పకపోతే ఉద్యోగం మీద చర్య ఉంటుంది, చెప్పింది మాత్రం క్రిమినల్ కేసులో ఆయన మీద వాడరు. 1967 నాటి సుప్రీంకోర్టు తీర్పు. ఆ స్టేట్‌మెంట్ క్రిమినల్ విచారణ చేసే డిటెక్టివ్ చేతికి వెళ్లకూడదు. ఒకే మనిషి రెండు విచారణలూ చేస్తే క్రిమినల్ కేసు కుప్పకూలుతుంది.

యూనియన్ మనిషి ఉండాలా అంటే, వేరే రాష్ట్రాల్లో ప్రభుత్వోద్యోగులకు తరచు ఉండే ఆ హక్కు టెక్సాస్ చట్టం ఇవ్వదని 2013లో సిటీ ఆఫ్ రౌండ్ రాక్ కేసులో రాష్ట్ర సుప్రీంకోర్టు తేల్చింది. మీకు ఒప్పందం లేదు కాబట్టి తప్పనిసరి కాదు. కూర్చోనివ్వొద్దని మాత్రం ఎక్కడా లేదు. నా మాట అడిగితే కూర్చోనివ్వండి, తర్వాత గోల తగ్గుతుంది.

ఇక సస్పెన్షన్ కాగితం. చీఫ్ చేతిలో ఉన్నవి రెండే: 15 క్యాలెండర్ రోజుల్లోపు సస్పెన్షన్, లేదా ఇండెఫినిట్ సస్పెన్షన్, అంటే డిస్మిస్. మధ్యలో 16 నుంచి 90 రోజులు కావాలంటే ఆఫీసర్ రాతపూర్వకంగా ఒప్పుకోవాలి, ఒప్పుకుంటే అప్పీలు ఉండదు. ఆ ఆఫర్‌కు ఆయనకు ఐదు పనిదినాల గడువు. సస్పెండ్ చేసిన గంట నుంచి 120 గంటల్లో అభియోగ పత్రం సివిల్ సర్వీస్ కమిషన్‌కు చేరాలి, కాపీ ఆఫీసర్‌కు వెంటనే. అప్పీలుకు ఆయనకు 10 రోజులు. కమిషన్‌కు వెళ్లాలో బయటి హియరింగ్ ఎగ్జామినర్ దగ్గరికి వెళ్లాలో ఎంచుకునేది ఆయనే.

అభియోగ పత్రంలో రూల్ నంబర్ రాసి ఊరుకుంటే చాలదు. ఏ తేదీన, ఏ గంట నుంచి ఏ గంట దాకా, ఏ పని ఏ రూల్‌ను ఎలా మీరిందో రాయాలి. ఆ పనులు స్పష్టంగా లేకపోతే కమిషన్ ఆయన్ను వెంటనే ఉద్యోగంలోకి తీసుకోవాలని చట్టంలోనే ఉంది. "పలుమార్లు అనుమతి లేకుండా ఓవర్‌టైమ్ చేసినందున" అన్న వాక్యంతో మీ మూడు రోజులు గోవిందా.

డిస్మిస్ దాకా వెళ్తే మాత్రం ముందు ఆధారాలు చూపించి ఆయన మాట వినాలి. 1985 నాటి లౌడర్‌మిల్ తీర్పు అది. చిన్న సస్పెన్షన్‌కు అంత పెద్ద తంతు అక్కర్లేకపోయినా ఒకసారి పిలిచి వినడం మంచిది.

సరిహద్దుసీఐ

మన ఊరి చార్జ్ మెమోతో పోలిక అడిగారు కాబట్టి: ఆంధ్రప్రదేశ్‌లో 1991 సి.సి.ఎ. (ఉద్యోగుల క్రమశిక్షణ, అప్పీలు) నిబంధనల కింద పెద్ద శిక్షకు 20వ రూలు, చిన్న శిక్షకు 22వ రూలు. విభజన తర్వాత తెలంగాణ కూడా వాటినే కొనసాగించింది. ఆర్టికల్స్ ఆఫ్ చార్జ్ మీ అభియోగ పత్రానికి దగ్గరి చుట్టం. కానీ ఓవర్‌టైమ్ అన్న సమస్యే అక్కడ పుట్టదు. అక్కడి లెక్కలో పోలీసు ఎప్పుడూ డ్యూటీలో ఉన్నట్టే, గంటకు డబ్బు ఎవరిస్తారు? అక్కడ గొడవ వీక్లీ ఆఫ్ దగ్గర ఆగిపోతుంది. పోలీసు దళాల హక్కులను పరిమితం చేసే 1966 చట్టం వల్ల యూనియన్ మీద కూడా ఆంక్షలున్నాయి. కాబట్టి ఆ అలవాటుతో ఈ ఫైలు చూడకండి.

పాతజీడీ

ఒకటి మిగిలింది, దాన్ని ఎవరూ అడగలేదు. ఆ టైమ్‌షీట్లు ఆమోదించింది ఎవరు? అనుమతి లేని 22 గంటలు రెండు పీరియడ్లు దాటి పేరోల్‌కు వచ్చాయంటే ఒక సార్జెంట్ సంతకం పెట్టారన్నమాట. హియరింగ్‌లో ఆఫీసర్ లాయర్ మొదటి ప్రశ్న అదే: "చూసి సంతకం పెట్టిన సార్జెంట్ మీద చర్య ఏది? గత ఏడాది ఇలాగే చేసిన మిగతావాళ్లకు ఏం శిక్ష వేశారు?" జనరల్ ఆర్డర్ కాగితం మీద ఒకటి, షిఫ్టులో వాడుక ఇంకొకటి అయితే 18 గంటల కేసు రాతపూర్వక మందలింపు దాటదు. పేరోల్ నుంచి గత 12 నెలల అనుమతి లేని ఓవర్‌టైమ్ ఎంట్రీలన్నీ పేర్లతో తీయించి, ఆ షీటు చూశాకే ఎన్ని రోజులో నిర్ణయించుకోమని చీఫ్‌కు చెప్పండి.

జీతాలబల్ల

సార్జెంట్ సంతకం ఉంది. రెండు పీరియడ్లకూ ఉంది. చీఫ్‌కు ఇవాళే చెప్తాను.