బీ1 (మధ్యస్థాయి) జర్మన్: 'డేన్ టిష్' (టిష్ అంటే బల్ల) ఎప్పుడు, 'డేమ్ టిష్' ఎప్పుడు?

ప్రశ్న: యూనివర్సిటీలో జర్మన్ మూడో సెమిస్టర్. ఆర్టికల్స్ పట్టిక కంఠతా వచ్చు. కానీ రాసేటప్పుడు 'ఔఫ్' (మీద) తర్వాత ఒకసారి డేన్, ఒకసారి డేమ్ ఎందుకొస్తుందో అంతుపట్టడం లేదండీ.

జవాబు 1: చిక్కు మన తెలుగులో ఉంది. 'బల్ల మీద పెట్టాను', 'బల్ల మీద ఉంది', రెండింటికీ మనకు 'మీద' ఒక్కటే. జర్మన్ ఊరుకోదు. 'ఎక్కడికి?' అనే ప్రశ్నకు జవాబైతే అక్కుజాటివ్ విభక్తి, డేన్ వస్తుంది: ఇష్ లేగె డాస్ బూఖ్ ఔఫ్ డేన్ టిష్. 'ఎక్కడ?' అనే ప్రశ్నకు జవాబైతే డాటివ్ విభక్తి, డేమ్ వస్తుంది: డాస్ బూఖ్ లీక్ట్ ఔఫ్ డేమ్ టిష్. ఇలా రెండు వేషాలేసే ప్రిపొజిషన్లు 9: ఆన్, ఔఫ్, హింటర్, ఇన్, నేబెన్, ఊబర్, ఉంటర్, ఫోర్, ట్స్విషెన్.

జవాబు 2: పై మాటకు ఒక సవరణ. 'కదలిక ఉంటే అక్కుజాటివ్' అని మాత్రం గుర్తుపెట్టుకోకండి, మార్కులు పోయేది అక్కడే. ఇష్ లౌఫె ఇమ్ పార్క్ (పార్కులో పరుగెడుతున్నాను; ఇమ్ అంటే ఇన్ డేమ్): పరుగు ఉంది, కానీ పార్కు లోపలే, కాబట్టి డాటివ్. 'ఇన్ డేన్ పార్క్' అంటే బయటి నుంచి లోపలికి. 'ట్సూ' (దగ్గరికి) గమ్యం చెప్పినా ఎప్పుడూ డాటివే.

ప్రశ్న: మరి 'వార్టె ఔఫ్ డేన్ బుస్' (బస్సు కోసం ఎదురుచూస్తున్నాను)? బస్సు ఎక్కడం లేదుగా!

జవాబు 2: అక్కడ ఈ సూత్రం చెల్లదు. క్రియతో కలిపే నేర్చుకోవాలి: వార్టెన్ ఔఫ్ అక్కుజాటివ్, టైల్‌నేమెన్ ఆన్ (పాల్గొనడం) డాటివ్. నోట్సులో క్రియ ఒక్కటే రాయకుండా చిన్న వాక్యం రాయండి.